తెలుగు పేరుతో డిజిటల్ నేమ్ ట్యాగ్: బంగారు అక్షరాలు, ముగ్గు, కలంకారీ అంచు (జింప్ / ఫోటోషాప్)

మల్లెపందిరి:
అందరికీ నమస్కారం. మా తమ్ముడి కూతురి బారసాల దగ్గర పడుతోంది. పాప పేరు వాట్సాప్ గ్రూపులో ప్రకటించడానికి ఒక మంచి నేమ్ ట్యాగ్ చేయమని నా మీద పెట్టారు. పేరు జ్యోత్స్న. బంగారు రంగు అక్షరాలు, చుట్టూ కలంకారీ అంచు, వెనకాల లేతగా ఒక ముగ్గు కావాలి. బ్యాక్‌గ్రౌండ్ లేకుండా ఉంటే ఇన్విటేషన్ మీద కూడా పెట్టుకోవచ్చు.

ఫోటోషాప్‌లో పేరు కొడితే వత్తులన్నీ విడిపోయి జ్ యో త్ స్ న అని పొల్లులతో వరసగా నిలబడ్డాయి. అదే పేరు నోట్‌ప్యాడ్‌లో చక్కగా కనిపిస్తోంది. లాప్‌టాప్‌లో జింప్ కూడా ఉంది కానీ వాడిన అలవాటు తక్కువ. దేనిలో మొదలుపెట్టమంటారు?

పిక్సెల్_చిన్నోడు:
అక్కా, దీనికి లాప్‌టాప్ ఎందుకు? ఫోన్‌లో పిక్సెల్‌ల్యాబ్ వేసుకో. ఫాంట్ యాడ్ చేసి పేరు రాసి, స్ట్రోక్, షాడో, త్రీడీ ఆన్ చేసి ట్రాన్స్‌పరెంట్ పీఎన్‌జీగా సేవ్ చేస్తే అయిపోయె. పీఎల్‌పీ ఫైళ్ళు (ఎవరో ముందే చేసి పెట్టిన పిక్సెల్‌ల్యాబ్ డిజైన్లు) దొరికితే పేరు మార్చుకోవడమే పని. మా ఊళ్ళో బర్త్‌డే పోస్టర్లన్నీ ఇలాగే.

బాపట్ల_బ్రష్:
చిన్నోడు చెప్పింది పుట్టినరోజు స్టేటస్‌కి చాలు. కలంకారీ అంచు, ముగ్గు, బంగారం అన్నీ కావాలంటే మటుకు లేయర్లు, అంటే ఒకదాని మీద ఒకటి పేర్చే పొరలు, హాయిగా కనిపించే పెద్ద తెర ఉండాలి.

ముందు ఫోటోషాప్ సంగతి. అది ఫాంట్ తప్పు కాదు, సెట్టింగ్. ప్రిఫరెన్సెస్‌లో టైప్ దగ్గరికి వెళ్ళి మిడిల్ ఈస్టర్న్ అండ్ సౌత్ ఏషియన్ అనేది ఎంచుకుని, ఫోటోషాప్ మూసి తెరవండి. కొత్త వెర్షన్లలో పేరాగ్రాఫ్ ప్యానెల్ మెనూలో వరల్డ్ రెడీ లేఅవుట్ అని ఉంటుంది. అంతకుముందే టైప్ చేసి పెట్టిన లేయర్ తనంతట తాను మారకపోవచ్చు, దాన్ని ఎంచుకుని ఈ సెట్టింగ్ ఇవ్వాలి.

జింప్‌లో ఈ బాధ లేదు. అక్షరాలు కూర్చే పని పాంగో, హార్ఫ్‌బజ్ అనే లైబ్రరీలు చూసుకుంటాయి. యూనికోడ్ ఫాంట్ (ఫోన్‌లో, నోట్‌ప్యాడ్‌లో మామూలుగా కొట్టే తెలుగుకి పనికొచ్చేది) ఉంటే జ్యోత్స్న మొదటిసారే సరిగ్గా వస్తుంది. నేనైతే జింప్ అంటాను, అదీ 3.0 అయితే మరీ మంచిది. 2025 మార్చిలో వచ్చింది. పాత 2.10లో టెక్స్ట్ లేయర్ మీద డ్రాప్ షాడో వేస్తే ఆ లేయర్ బొమ్మ అయిపోతుంది, ఇక స్పెల్లింగ్ మార్చలేం. 3.0లో ఫిల్టర్ లేయర్‌కి తగిలించినట్టు విడిగా ఉంటుంది. తీసేయొచ్చు, విలువలు మార్చొచ్చు, కింద పేరు మార్చినా ఫిల్టర్ నిలుస్తుంది.

మీ దగ్గర ఏ వెర్షన్ ఉందో చెప్పండి, దాన్నిబట్టి పద్ధతి రాస్తాను.

నల్గొండ_ఫ్లెక్సీ:
మేడమ్, ఇంత తిప్పలెందుకు? అనూలో కొడితే ఫోటోషాప్ ఏ సెట్టింగ్‌లో ఉన్నా వత్తులు విడిపోవు. మా షాపుల అన్ని ఫ్లెక్సీలు అనూ ఫాంట్లతోనే. వంద రకాల అక్షరాలు, యూనికోడ్‌లో అంత వెరైటీ ఏడుంది?

బాపట్ల_బ్రష్:
అన్నా, వెరైటీ విషయంలో మీ మాట కాదనను. కానీ అనూ ఫాంట్‌లో తెలుగు ముక్కలు ఇంగ్లీషు అక్షరాల, గుర్తుల స్థానాల్లో కూర్చుని ఉంటాయి. అందుకే ఫోటోషాప్ వాటిని ఇంగ్లీషే అనుకుని ఏ గొడవా లేకుండా చూపిస్తుంది. అదే టెక్స్ట్‌ని అనూ లేని సిస్టంలో తెరిస్తే చెత్తలా కనిపిస్తుంది. ఆవిడ పేరుని వాట్సాప్‌లో టైప్ చేసి జింప్‌లో పేస్ట్ చేయాలనుకుంటే యూనికోడే దారి. మీకు షాపులో అనూ కీబోర్డు చేతికి పట్టేసింది, ఆవిడకి లేదు కదా.

నల్గొండ_ఫ్లెక్సీ:
అది నిజమే లే. కాకపోతే ఒక మాట. ఈ ట్యాగే రేపు ఫంక్షన్ హాల్ ముందు ఫ్లెక్సీ మీద పెట్టమంటరు, రాసి పెట్టుకోండి. వాట్సాప్ సైజుల చేసినది తెచ్చి 8 అడుగులకు గుంజమంటే పేరు పొగ పట్టినట్టుంటది. ఇంచికి 72 చుక్కలు లెక్కేసినా 8 అడుగుల వెడల్పుకి 6,912 పిక్సెళ్ళు కావాలె. మొదటే పెద్దగ చేసి చిన్నగ చేసుకోండి, చిన్నది చేసి పెద్దగ చేయొద్దు.

మల్లెపందిరి:
ఫ్లెక్సీ మాట ఇంట్లో అప్పుడే మొదలైంది అన్నా, మీరెలా కనిపెట్టారో. సరే, పెద్ద సైజులోనే చేస్తాను. బ్రష్ గారూ, నాది జింప్ 3.0. రాయండి.

బాపట్ల_బ్రష్:
మంచిది. కొత్త ఫైలు 4000 × 2000 పిక్సెళ్ళు పెట్టండి. మరీ పెద్దది పెడితే లాప్‌టాప్ మూలుగుతుంది, ఈ సైజుని కొంత పెంచినా ఫ్లెక్సీ దూరం నుంచి చూసేదే కాబట్టి బాగానే వస్తుంది. అడ్వాన్స్‌డ్ ఆప్షన్లలో ఫిల్ విత్ దగ్గర ట్రాన్స్‌పరెన్సీ ఎంచుకోండి. గళ్ళ గళ్ళ బ్యాక్‌గ్రౌండ్ కనిపిస్తే సరిగ్గా వచ్చినట్టే.

పేరు రాయండి. టెక్స్ట్ టూల్‌లో రంగు ఏదైనా ఫర్వాలేదు, బంగారం పైనుంచి వస్తుంది. ఇప్పుడు లేయర్స్ ప్యానెల్‌లో ఒక లేయర్ గ్రూప్ చేసి పేరు లేయర్‌ని దానిలోకి లాగండి. అదే గ్రూపులో పేరుకి పైన ఇంకో ఖాళీ లేయర్ పెట్టి గ్రేడియంట్ టూల్‌తో (రంగు మెల్లగా మారేలా నింపేది) పై నుంచి కిందికి గీయండి. జింప్‌లో గోల్డెన్ అని ఒకటి ముందే ఉంటుంది. నాకది కాస్త పచ్చగా అనిపిస్తుంది. సొంతంగా చేసుకుంటే ఎరుపు, ఆకుపచ్చ, నీలం విలువలు ముదురు వైపు 122, 78, 16, మధ్యలో 232, 190, 90, మెరుపు దగ్గర 255, 240, 190 ఇచ్చి చూడండి. ముదురు, మెరుపు, ముదురు అని రెండు మూడుసార్లు మారితేనే లోహంలా ఉంటుంది, ఒకే వైపు పోతే పసుపు పెయింట్‌లా ఉంటుంది.

ఇప్పుడు బంగారం తెర అంతా పరుచుకుని ఉంటుంది, కంగారు పడకండి. ఆ గ్రేడియంట్ లేయర్ మీద రైట్ క్లిక్ చేసి కంపోజిట్ మోడ్‌లో క్లిప్ టు బ్యాక్‌డ్రాప్ ఎంచుకోండి. బంగారం పేరు ఉన్నంత మేరకే మిగులుతుంది. చాలా ట్యుటోరియళ్ళలో పేరుని సెలెక్ట్ చేసి ఆ ఆకారంలోనే రంగు నింపమంటారు. అలా చేస్తే పేరు మారినప్పుడల్లా మళ్ళీ నింపాలి. ఇలా చేస్తే పేరు టెక్స్ట్‌గానే బతికి ఉంటుంది.

అంచు గీతకి ప్రత్యేకంగా టూల్ అక్కర్లేదు. మొత్తం గ్రూపుని ఎంచుకుని ఫిల్టర్స్, లైట్ అండ్ షాడో, డ్రాప్ షాడో. ఎక్స్, వై రెండూ సున్నా, బ్లర్ సున్నా, గ్రో రేడియస్ 12, ఒపాసిటీ 1, రంగు ముదురు మెరూన్. నీడ కదలకుండా, మసకబారకుండా అక్షరం చుట్టూ ఉబ్బితే అదే అంచు. దాని మీద మళ్ళీ ఇంకో డ్రాప్ షాడో: ఎక్స్ 10, వై 14, బ్లర్ 18, రంగు నలుపు, ఒపాసిటీ 0.5. ఇది అసలు నీడ.

2.10 వాడేవాళ్ళకి గ్రూప్ మీద ఫిల్టర్ పడదు. వాళ్ళు పేరు లేయర్ మీద ఆల్ఫా టు సెలెక్షన్ చేసి, సెలెక్ట్ మెనూలో గ్రో ఇచ్చి, కింద కొత్త లేయర్‌లో రంగు నింపుకోవాలి.

డల్లాస్_అత్తయ్య:
ఈ చర్చ చూస్తే ప్రాణం లేచొచ్చింది! మేం పెయింట్ షాప్ ప్రోలో ట్యాగులు చేసిన రోజులు గుర్తొచ్చాయి. అప్పుడది జాస్క్ వాళ్ళది, 2004లో కోరెల్ కొనుక్కుంది. యాహూ గ్రూపుల్లో ఒకరు ట్యుటోరియల్ రాస్తే అందరం మన మన పేర్లతో అదే ట్యాగ్ చేసి పెట్టేవాళ్ళం. ఈమెయిల్ చివర సంతకంలా పెట్టుకునేవాళ్ళం. ఆ గ్రూపులు 2020 డిసెంబరులో పూర్తిగా మూతబడ్డాయి, ఎన్ని ట్యుటోరియళ్ళు పోయాయో.

బ్యాక్‌గ్రౌండ్ తీసేసిన బొమ్మని మేం ట్యూబ్ అనేవాళ్ళం. ఆ సాఫ్ట్‌వేర్‌లో పిక్చర్ ట్యూబ్ అనే టూల్ ఉండేది, పిండినట్టు బొమ్మలు పడేవి. ఆ పేరు అలా స్థిరపడింది.

మల్లెపందిరీ, ఆ రోజుల నుంచి నేను మానని పట్టింపు ఒకటుంది. ట్యాగులో ఎన్ని లేయర్లున్నా అన్నిటి నీడా ఒకే వైపు పడాలి. పేరు నీడ కుడి కిందికి, పువ్వు నీడ ఎడమ పైకి ఉంటే బొమ్మ ఎందుకు అతుకులబొంతలా ఉందో చూసేవాళ్ళకి తెలియదు కానీ ఉంటుంది. కోణం అన్నిటికీ ఒకటే ఉంచి, దూరం మాత్రం మార్చు. అడుగున పలక (పేరు వెనక రంగు నింపిన పొర) ఉంటే దానికి పొట్టి నీడ, పైన తేలాల్సిన పేరుకి కొంచెం పొడుగు నీడ. లేయర్లు ఒకదాని మీద ఒకటి నిజంగా పేర్చినట్టు కనిపించేది దీనివల్లే, అంచులు ఉబ్బెత్తుగా చూపించే బెవెల్ వల్ల కాదు.

పిక్సెల్_చిన్నోడు:
బెవెల్ లేకపోతే త్రీడీ లుక్ ఎలా వస్తది అత్తయ్యా?

డల్లాస్_అత్తయ్య:
రావాలని ఎవరన్నారు నాయనా?

మల్లెపందిరి:
బ్రష్ గారూ, మీరు చెప్పినట్టే చేశాను. బంగారం అద్భుతంగా వచ్చింది. కానీ 12 అంచు పెట్టేసరికి జ్యోత్స్నలో త కింద ఉన్న వత్తులు రెండూ కలిసిపోయి ఒక ముద్దలా అయ్యాయి. పెద్ద అక్షరం బాగుంది, కింద మాత్రం చదవలేకపోతున్నాం. ఫాంట్ మార్చాలా? ప్రస్తుతం విండోస్‌లో ఉన్న గౌతమి వాడుతున్నాను.

బాపట్ల_బ్రష్:
అసలు సమస్య ఇక్కడే ఉంది, అడిగి మంచి పని చేశారు. ఇంగ్లీషు ట్యుటోరియళ్ళలో అంచు, నీడ, బెవెల్ కొలతలన్నీ వాళ్ళ పెద్ద అక్షరాలకి రాసినవి. అక్కడ అక్షరాలన్నీ ఒకే ఎత్తులో పక్కపక్కన నిలబడతాయి. మనకి తలకట్టు పైన, వత్తు కింద, వత్తు కింద మళ్ళీ వత్తు. వత్తు అక్షరం కంటే చిన్నది, దాని గీత సన్నం. పైన అక్షరానికి నప్పిన అంచు కింద వత్తుకి లావవుతుంది. దద్దోజనంలో ద, ధన్యవాదంలో ధ, వీటికి తేడా ఆ చిన్న ఒత్తు గీతే. ప, ఫ కూడా అంతే. అంచు లావైతే ఆ గీత పొట్టలో కలిసిపోయి వేరే అక్షరమే అవుతుంది.

అందుకని కొలత పైనుంచి కాదు, పేరులో ఉన్న అన్నిటికన్నా చిన్న వత్తుని జూమ్ చేసి, దాని లోపలి ఖాళీ ఎంత ఉందో చూసి పెట్టండి. ఆ ఖాళీలో మూడో వంతు కంటే అంచు మించకూడదు. మీ పేరుకి 4 లేదా 5 సరిపోవచ్చు. అంచు సన్నగా అనిపిస్తే అడుగున ముదురు రంగు పలక పెట్టండి, బంగారం అదే తేలుతుంది. నీడ బ్లర్ కూడా తగ్గించండి.

గౌతమి తెర మీద చదవడానికి చేసిన సన్నటి ఫాంట్, అలంకారానికి కాదు. గూగుల్ ఫాంట్స్‌లో మన తెలుగు ఫాంట్లు చాలా ఉన్నాయి: రామభద్ర, రవిప్రకాష్, సురన్న, ధూర్జటి, లక్కిరెడ్డి, మండలి. ఉచితం, ఓపెన్ లైసెన్సు. ట్యాగుకి నా ఓటు రామభద్రకి, లావుగా స్థిరంగా ఉంటుంది. పాప పేరు కాబట్టి గుండ్రంగా ముద్దుగా కావాలంటే బాలూ తమ్ముడు. లక్కిరెడ్డి చేతిరాతలా బాగుంటుంది కానీ మీ పేరులో రెండు వత్తులున్నాయి, ముందు రాసి చూసి నిర్ణయించుకోండి. ఫాంట్ వేశాక జింప్ మూయక్కర్లేదు, ఫాంట్స్ ప్యానెల్‌లో రిఫ్రెష్ నొక్కితే చాలు.

నల్గొండ_ఫ్లెక్సీ:
ద, ధ ముచ్చట కరెక్ట్. మా దగ్గర లీడర్ల పేర్లకు రెండు స్ట్రోకులు, తెల్లదొకటి నల్లదొకటి, ఏసి ఏసి వత్తులు కనపడకుంట చేస్తరు. కస్టమరే ఇంకా లావు పెట్టు అంటడు, మేమేం జేస్తం.

మల్లెపందిరి:
రామభద్ర పెట్టి అంచు 5 చేశాను, ఇప్పుడు వత్తులు రెండూ విడివిడిగా కనిపిస్తున్నాయి. ఇక ముగ్గు. నెట్‌లో దొరికిన ముగ్గు బొమ్మలన్నీ చిన్నవి, పైగా వాటర్‌మార్కులు.

డల్లాస్_అత్తయ్య:
నెట్ ఎందుకమ్మా, ముగ్గు రాని తెలుగింటి ఆడపడుచువా? తెల్ల కాగితం మీద నల్ల స్కెచ్ పెన్‌తో వేసి, వెలుతురులో ఫోటో తీయి. జింప్‌లో తెరిచి లెవెల్స్‌తో తెలుపుని పూర్తి తెలుపు, నలుపుని పూర్తి నలుపు చేయి. తర్వాత కలర్స్ మెనూలో కలర్ టు ఆల్ఫా ఇచ్చి తెలుపు తీసేస్తే గీతలే మిగులుతాయి. ఆ లేయర్‌కి ఆల్ఫా లాక్ పెట్టి ఏ రంగు పూసినా గీతల మీదే పడుతుంది.

బాపట్ల_బ్రష్:
మౌస్‌తో నేరుగా వేయాలన్నా మార్గం ఉంది. విండోస్ మెనూలో డాకబుల్ డైలాగ్స్ కింద సిమెట్రీ పెయింటింగ్ తెరిచి మండలా ఎంచుకోండి, పాయింట్లు 8 పెట్టండి. ఒక రేకు గీస్తే మిగతా ఏడూ అవే పడతాయి. చుక్కల ముగ్గుకి కాదు కానీ పద్మం లాంటివాటికి భలేగా ఉంటుంది. ముగ్గు లేయర్ ఒపాసిటీ 20 శాతం దగ్గర ఉంచండి. వెనకాల అని మీరే అన్నారు, వెనకాలే ఉండాలి.

మల్లెపందిరి:
అంచుకి మా అమ్మ కలంకారీ చీర ఫోటో తీశాను. పెడన అద్దకం, చిన్న చిన్న ఆకుల వరస. దాన్ని చుట్టూ ఎలా తిప్పాలి? ఇంకో మాట, ముగ్గు పక్కన బాపు బొమ్మ ఒకటి పెడదామని మా తమ్ముడు పట్టుబడుతున్నాడు.

వకీలుగారబ్బాయి:
బాపు బొమ్మ దగ్గర ఆగండి. మన చట్టంలో చిత్రకారుడు పోయాక 60 ఏళ్ళ వరకు హక్కులుంటాయి. బాపు గారు 2014లో పోయారు కాబట్టి 2074 చివరి దాకా ఆ బొమ్మలు వారసులవి. ఇంట్లో నలుగురు చూసుకునే వాట్సాప్ బొమ్మ మీద ఎవరూ కేసు వేయరనుకోండి, కానీ ఫ్లెక్సీ దాకా వెళ్తోందంటున్నారు. పాత చిత్రమే కావాలంటే రవివర్మవి వాడుకోండి, ఆయన 1906లో పోయారు. మన రాజమండ్రి దామెర్ల రామారావు గారు 1925లో పోయారు, ఆయన చిత్రాలకూ గడువు ఎప్పుడో తీరింది.

డల్లాస్_అత్తయ్య:
మా ట్యాగుల రోజుల్లో దీని మీద యుద్ధాలే జరిగేవి. ఆర్టిస్టు పేరు, లైసెన్సు నంబరు ట్యాగు మూలన చిన్నగా రాయకపోతే గ్రూపులోంచి తీసేసేవాళ్ళు. అది ఎంత న్యాయమో ఇప్పుడు ఏఐ బొమ్మలు చూస్తుంటే అర్థమవుతోంది. చీర అమ్మది, ముగ్గు నీది. ఇంకో బొమ్మ దేనికి అసలు?

బాపట్ల_బ్రష్:
చీర ఫోటో వంకరగా ఉంటే ముందు పర్‌స్పెక్టివ్ టూల్‌తో సరి చేయండి. అంచులో ఒక ఆకు మొదలైన చోటు నుంచి తర్వాతి ఆకు మొదలయ్యే చోటు దాకా సరిగ్గా సెలెక్ట్ చేసి కాపీ కొట్టండి. జింప్‌లో కాపీ చేసిన ముక్క ప్యాటర్న్‌ల జాబితాలో క్లిప్‌బోర్డ్ పేరుతో ముందే వచ్చి కూర్చుంటుంది. సన్నటి పొడుగు సెలెక్షన్ చేసి, బకెట్ టూల్‌లో ప్యాటర్న్ ఫిల్ పెట్టి నింపితే వరసంతా పరుచుకుంటుంది. పై పట్టీ చేశాక దాన్నే డూప్లికేట్ చేసి తిప్పి కిందికి, పక్కలకి పెట్టుకోండి. మూలల దగ్గర ఆకులు సగానికి తెగుతాయి, అక్కడ చిన్న చతురస్రం పెట్టి దానిలో ఒక పువ్వు ఉంచండి. చీరల మీద కూడా మూలల్లో చాలాసార్లు అలాగే చేస్తారు.

సెలెక్షన్ ఒక్క పిక్సెల్ అటూ ఇటూ అయినా అతుకు కనిపిస్తుంది. ఓపిగ్గా జూమ్ చేసి తీసుకోండి.

మల్లెపందిరి:
అంచు కుదిరింది! మూలల్లో పువ్వు పెట్టేసరికి చీరలాగే ఉంది. ఇప్పుడు వాట్సాప్‌లో పెడితే వెనకాల నల్లగా వచ్చింది. జిఫ్ చేసి మెరుపు కదిలేలా చేస్తే బాగుంటుందేమో కూడా.

బాపట్ల_బ్రష్:
ఎక్స్‌పోర్ట్ పీఎన్‌జీలోనే చేయండి. వాట్సాప్‌లో ఫోటోగా పంపితే అది జేపీఈజీగా కుదించేస్తుంది, జేపీఈజీలో ట్రాన్స్‌పరెన్సీ ఉండదు. డాక్యుమెంట్‌గా పంపితే ఉన్నదున్నట్టు వెళ్తుంది. గ్రూపులో నేరుగా కనిపించాలంటే లేత గోధుమ రంగు పలక ఒకటి అడుగున పెట్టిన ఇంకో కాపీ చేసుకోండి. స్టిక్కర్ చేయాలంటే 512 × 512, వెబ్‌పీ.

జిఫ్ మాత్రం వద్దంటాను. దానికి 256 రంగులే, మీ బంగారం గ్రేడియంట్ చారలు చారలుగా విరుగుతుంది. పైగా జిఫ్‌లో పిక్సెల్ అయితే పూర్తిగా ఉంటుంది లేదా అసలు ఉండదు, సగం పారదర్శకం అనేది లేదు. మెత్తటి నీడ ఉన్నచోటల్లా మురికి అంచు వస్తుంది.

పిక్సెల్_చిన్నోడు:
అక్కా, ఫైనల్ ట్యాగ్ పెట్టు, చూద్దాం.

మల్లెపందిరి:
పెట్టేదాన్నే. ఈలోపు ఇంట్లో కొత్త కథ. పూర్వాషాఢ రెండో పాదం, ధా అక్షరంతోనే పేరుండాలని మా పెదనాన్నగారు తేల్చేశారు. జ్యోత్స్న పోయి ధాత్రి వచ్చింది. ఒక్క పేరు మారిస్తే మిగతావన్నీ నిలుస్తాయా?

నల్గొండ_ఫ్లెక్సీ:
అందుకే నేను ఫంక్షన్ ముందురోజు దాక ప్రింట్ కొట్టను.

బాపట్ల_బ్రష్:
నిలుస్తాయి. ఎక్స్‌సీఎఫ్ ఫైలు (లేయర్లన్నీ ఉండే జింప్ సొంత ఫైలు) తెరిచి, ముందు వేరే పేరుతో ఒక కాపీ సేవ్ చేయండి, పెదనాన్నగారు మళ్ళీ మారిస్తే పనికొస్తుంది. టెక్స్ట్ టూల్‌తో పేరు మీద క్లిక్ చేసి పాతది చెరిపి ధాత్రి అని కొట్టండి. బంగారం, అంచు, నీడ మూడూ వాటంతటవే కొత్త పేరుకి సర్దుకుంటాయి. పేరు పొట్టిదైంది కాబట్టి ఫాంట్ సైజు పెంచి, అలైన్ టూల్‌తో మధ్యకి తెచ్చుకోండి. గ్రేడియంట్ లేయర్ తెర అంతా ఉంది కనుక దాన్ని ముట్టుకోనక్కర్లేదు.

ఒక్కటి మాత్రం తప్పకుండా చూడండి. ధ కింద ఒత్తు గీత దగ్గర జూమ్ చేసి, అంచు 5 ఎక్కువనిపిస్తే 4కి దించండి. ట్యాగుని ఫోన్‌లో చిన్నగా చేసి, పేరు తెలియని వాళ్ళెవరికైనా చూపించి చదవమనండి. దాత్రి అని చదివితే ఇంకా తగ్గించాలి.

డల్లాస్_అత్తయ్య:
నీడ కోణం మార్చకు. ఫ్లెక్సీకి ఇచ్చేటప్పుడు పీఎన్‌జీతో పాటు ఫాంట్ ఫైలు కూడా పెన్‌డ్రైవ్‌లో వేసివ్వు, తేదీ, ముహూర్తం వాళ్ళు అదే అక్షరాల్లో రాస్తారు.